బాలలు, యువజనుల పరిచర్యలో పట్టభద్ర విద్య: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆదివారం ఉదయం చాపమీద కూర్చున్న పిల్లలకు సండే స్కూలు పాఠం చెప్పే సహోదరికి ఏ చదువు ఉండాలని మన సంఘాలు సాధారణంగా అడగవు. ఆ తరువాత ప్రసంగ వేదిక ఎక్కే వ్యక్తికి మాత్రం బి.టి.హెచ్. సరిపోతుందా, బి.డి. ఉండాలా అని కమిటీలు గంటల తరబడి చర్చిస్తాయి. పెద్దలకు బోధించాలంటే పాండిత్యం కావాలి, పిల్లలకు బోధించడానికి ఓపిక ఉంటే చాలు అన్న భావన మనలో అంతగా పాతుకుపోయింది.

గత కొన్ని దశాబ్దాలలో ఈ భావనను సవరించే ప్రయత్నం జరిగింది. బాలల మధ్య, యువజనుల మధ్య పని చేయడానికి ప్రత్యేకంగా డిప్లొమాలు, పట్టాలు, స్నాతకోత్తర పట్టాలు ఏర్పడ్డాయి. ఈ విద్య ఇంగ్లండులో యువజన సేవా వృత్తిగా, అమెరికాలో యువజన పరిచర్యగా, ఆసియాలో సమగ్ర శిశు వికాస విద్యగా రూపుదాల్చింది. మన విద్యార్థులలో కొందరు ఈ చదువు ముగించుకొని వచ్చారు. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

ఈ విద్యను మేము ఆహ్వానిస్తున్నాము. అయితే ఆహ్వానించినదానిని పరీక్షించవలసిన బాధ్యత కూడా మనపై ఉంది. ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలను పరిశీలిస్తాము. ఈ విద్య ఎక్కడ పుట్టింది? అది బిడ్డను ఏ దృష్టితో చూస్తుంది? దానిని అభ్యసించినవారు తెలుగు సంఘంలో ఏ పనికి సిద్ధపడుతున్నారు? ఈ పట్టా అవసరమే గాని, అందులో బిడ్డ చాలావరకు పాఠ్యాంశంగానే ఉన్నాడు, మాట్లాడే వ్యక్తిగా లేడు అన్నది మా వాదన.

1. ఈ విద్యకు మూలాలు

బాలల పరిచర్య పట్టభద్రులతో ఆరంభం కాలేదు. 1769లో ఇంగ్లండులోని హై వికమ్ పట్టణంలో హన్నా బాల్ అనే స్త్రీ ఆదివారపు పాఠశాల నడిపింది. 1780లో గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆరంభించిన పాఠశాలలు ఉద్యమంగా వ్యాపించాయి. రైక్స్ అభిషేకం పొందిన కాపరి కాడు, ఒక పత్రిక నడిపే వ్యక్తి. గుండుసూదుల కర్మాగారాలలో వారమంతా శ్రమించి ఆదివారం వీధులలో తిరిగే పిల్లలే అతని తొలి విద్యార్థులు. అక్కడ వారు బైబిలుతో పాటు చదవడం కూడా నేర్చుకున్నారు. కాబట్టి సండే స్కూలు పుట్టింది బాల కార్మికుల మధ్యనేనని గుర్తుంచుకోవాలి. 1870 నాటి విద్యా చట్టం తరువాత ఇంగ్లండులో ప్రాథమిక పాఠశాలలు విస్తరించగా, అక్షరాలు నేర్పే పని సండే స్కూలు చేతినుండి జారిపోయింది. మిగిలినది బైబిలు పాఠం. 1876లో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడినప్పుడు మన దేశమంతటా స్థిరపడిన నమూనా ప్రధానంగా ఈ రెండవదే.

తెలుగు నేలమీద మరొక నమూనా ఉండేది. 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్పుగా అభిషిక్తుడైన తరువాత దోర్నకల్ ప్రాంతంలో గ్రామ ఉపాధ్యాయుడే ప్రచారకుడు కూడా. పగలు మాల, మాదిగ పిల్లలకు అక్షరాలు, సాయంత్రం వారి తల్లిదండ్రులకు ప్రార్థన, పాటలు, లేఖన పాఠం. ఉపాధ్యాయుని భార్యకు కూడా శిక్షణ కావాలని అజరయ్య పట్టుబట్టారు. బిడ్డ చదువు, బిడ్డ విశ్వాసం, బిడ్డ కులం వల్ల పడే అవమానం - ఈ మూడింటినీ ఒకే మనిషి ఒకే పాకలో ఎదుర్కొన్నాడు. నేటి పాఠ్యక్రమాలలో ఇవి వేర్వేరు విభాగాలకు చెందిన వేర్వేరు పత్రాలు.

ఆధునిక పట్టా విద్యకు మూడు దారులున్నాయి. మొదటిది వృత్తి దారి. ఇంగ్లండులో 1960లో వెలువడిన ఆల్బెమార్ల్ నివేదిక యువజన సేవకు శిక్షణ పొందిన ఉద్యోగులు కావాలని సిఫారసు చేసింది. మరుసటి సంవత్సరమే లెస్టర్‌లో యువజన నాయకుల జాతీయ కళాశాల తెరవబడింది. క్రమేణా క్రైస్తవ కళాశాలలు కూడా వేదాంతాన్నీ యువజన సేవనూ కలిపి పట్టాలు ఇచ్చాయి. రెండవది మనోవిజ్ఞాన దారి. జి. స్టాన్లీ హాల్ 1904లో కౌమారంపై రెండు సంపుటాలు ప్రచురించిన నాటినుండి, వయస్సునుబట్టి మనిషిని దశలుగా విభజించి అర్థం చేసుకునే పద్ధతి క్రైస్తవ విద్యలోకి ప్రవేశించింది. మూడవది వేదాంత దారి. 2002లో మలేసియాలోని పెనాంగులో జరిగిన సమావేశంతో బాల వేదాంతమనే ఆలోచన ఒక ఉద్యమంగా రూపం పొందింది. బిడ్డను గురించి వేదాంతం ఏమంటుందని మాత్రమే అడగకుండా, బిడ్డ మధ్యలో నిలబడితే మన వేదాంతం ఎలా మారుతుందని అది అడిగింది.

2. మనోవికాస శాస్త్రం: ఉపయోగం, హద్దులు

ఏ పట్టా చదివినా విద్యార్థికి మొదట ఎదురయ్యే పేర్లు పియాజే, ఎరిక్సన్, కోల్‌బర్గ్, ఫౌలర్. వీరివలన కలిగిన మేలును తక్కువ చేయము. ఏడేళ్ళ బిడ్డకు ఉపమానం అక్షరార్థంగా వినబడుతుందని తెలియని ఉపాధ్యాయుడు, బిడ్డ అడిగే ప్రశ్నను అల్లరి అనుకుంటాడు. పదిహేనేళ్ళ పిల్లవాడి సందేహం విశ్వాస ఘాతుకం కాదని, ఎదుగుదలలో భాగమై ఉండవచ్చని తెలిసిన కాపరి అతనిని గద్దించడు. ఇది గొప్ప ఉపకారం.

అయినా హద్దులు ఎరగాలి. కోల్‌బర్గ్ నైతిక దశల సిద్ధాంతం మగపిల్లల అధ్యయనంపై నిలబడిందని, ఆడపిల్లలు నీతిని గురించి వేరే స్వరంతో మాట్లాడుతారని కేరొల్ గిల్లిగన్ 1982లో చూపారు. జేమ్స్ ఫౌలర్ 1981లో ప్రచురించిన విశ్వాస దశల గ్రంథానికి ఆధారం 359 మందితో జరిపిన సంభాషణలు. వారిలో అత్యధికులు అమెరికాలోని శ్వేతజాతివారు. ఆ గ్రంథం విలువ దీనివలన పోదు. కాని ఆ దశలను పాలమూరు పల్లెలోని బిడ్డకు యథాతథంగా అతికించే ముందు మనం ఆగాలి.

ఉదాహరణకు కౌమారాన్నే తీసుకుందాము. బాల్యానికీ ఉద్యోగానికీ నడుమ తన్ను తాను వెదకుకొనే తీరిక గల కాలంగా పాఠ్యగ్రంథాలు దానిని వర్ణిస్తాయి. 1990లలోను, 2000 తరువాతి తొలి సంవత్సరాలలోను కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తన పొలాలలో క్రాసింగు పనికి వేలాది ఆడపిల్లలు వెళ్ళారు. పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే ఆ పనికి చిన్న వేళ్ళు అనువైనవన్నారు. చిన్నవారికి కూలి తక్కువ అన్నది అసలు సంగతి. పన్నెండేళ్ళకు కూలి, పదహారేళ్ళకు పెండ్లి అయిన బిడ్డకు కౌమారం ఏ వయస్సులో వచ్చింది? ఎప్పుడు ముగిసింది? ఈ ప్రశ్న అడగని కౌమార మనోవిజ్ఞానం మన విద్యార్థికి పరీక్షలో మార్కులు తెస్తుందేమో గాని, ఆ బిడ్డ ఇంటి గుమ్మం వరకు తీసికొనిపోలేదు.

3. మధ్యలో నిలువబెట్టబడిన బిడ్డ

మత్తయి 18:1-14 ఈ విద్యకు మూలవాక్యంగా ఎంచబడుతుంది. అయితే తరగతి గదిలోను, ప్రసంగంలోను మనం ఎక్కువగా మూడవ వచనం దగ్గర ఆగిపోతాము. బిడ్డ అమాయకుడు, నిష్కపటుడు, కాబట్టి మనమూ అలాగే ఉండాలి అని ముగిస్తాము. మూలంలో ‘పైదియొన్’ అని పిలువబడిన ఆ బిడ్డ అమాయకత్వాన్ని గురించి వాక్యభాగం ఏమీ చెప్పదు. అది చెప్పేది తక్కువ స్థానాన్ని గురించి. శిష్యులు అడిగింది పదవిని గురించి. ఇంటిలోను, సమాజంలోను ఏ అధికారమూ లేని ఒకరిని యేసు పిలిచి వారి మధ్యను నిలువబెట్టాడు.

ఆ తరువాతి వచనాలను గమనించాలి. అయిదవ వచనం చేర్చుకొనడాన్ని, ఆరవ వచనం అభ్యంతరపరచేవానికి కలుగు తీర్పును, పదవ వచనం తృణీకరింపకూడదన్న హెచ్చరికను ప్రస్తావిస్తాయి. అంటే బిడ్డ పెద్దలకు ఒక దృష్టాంతంగా ఉపయోగపడి ఇంటికి పంపబడలేదు. వాక్యభాగం బిడ్డ భద్రత వైపు నడిచింది. హాడన్ విల్మర్, కీత్ వైట్ 2013లో ప్రచురించిన గ్రంథం మొత్తం ఈ ఒక్క అధ్యాయాన్ని ప్రవేశ ద్వారంగా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు.

పాత నిబంధనలో 1 సమూయేలు 3వ అధ్యాయం శిక్షణ పొందినవారి పనిని ఇంకా స్పష్టంగా చూపుతుంది. ఏలీ అనుభవజ్ఞుడైన యాజకుడు. పిలుపు మాత్రం బాలునికి వచ్చింది. రెండుసార్లు ఏలీ గ్రహించలేకపోయాడు, మూడవసారి గ్రహించాడు. గ్రహించిన తరువాత తానే వెళ్ళి బాలుని స్థానంలో పడుకోలేదు. ఎలా వినాలో, ఎలా ఉత్తరమియ్యాలో నేర్పి పంపాడు. ఉదయాన ఆ మాటను దాచకుండా చెప్పమన్నాడు. అది తన ఇంటిమీద తీర్పు అయినప్పటికీ విన్నాడు. ఏలీ జీవితంలో లోపాలు అనేకం, తన కుమారులను అదుపు చేయకపోవడం వాటిలో ప్రధానమైనది. అయినా ఈ ఒక్క రాత్రి, ఈ ఒక్క ఉదయం అతడు చేసిన పని పట్టా విద్యకు మంచి నిర్వచనం: బిడ్డకు వినడం నేర్పడం, బిడ్డ చెప్పేది తానూ వినడం.

4. సిద్ధాంత వ్యాసాలలో వినబడని స్వరం

బాలలను గురించి విద్యార్థులు వ్రాసిన పరిశోధనా వ్యాసాలను కొన్నింటిని పరిశీలకులుగా మేము చదివాము. వాటి నిర్మాణం దాదాపు ఒకే తీరు. మొదటి అధ్యాయంలో నిర్వచనాలు, రెండవదానిలో లేఖన ఆధారాలు, మూడవదానిలో పాశ్చాత్య సిద్ధాంతాలు, నాల్గవదానిలో కాపరులకు, తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రశ్నావళి ఫలితాలు, చివర సూచనలు. పిల్లలను గురించిన వ్యాసంలో పిల్లలు చెప్పిన మాట ఒక్కటీ లేకపోవడం మాకు పలుమార్లు కనిపించింది. ఇంటర్ విద్యార్థుల ఒత్తిడిని గురించి వారి తండ్రులను అడుగుతాము. ఆడపిల్లల భయాలను గురించి వారి కాపరిని అడుగుతాము.

ఈ లోపానికి విద్యార్థులను మాత్రమే తప్పుపట్టలేము. పిల్లలతో మాట్లాడి పరిశోధించడం కష్టమైన పని. తల్లిదండ్రుల అనుమతి కావాలి, బిడ్డ సమ్మతి కావాలి, పేర్లు బయటపడని జాగ్రత్త కావాలి, బాధాకరమైన సంగతి బయటపడితే ఏమి చేయాలో ముందే తెలిసి ఉండాలి. వీటిని మనం నేర్పలేదు. నేర్పని పనిని విద్యార్థి తప్పించుకున్నాడు.

పర్యవసానం చిన్నది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో తప్పులు దొర్లిన తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వారాలలో యువజన కూడికలలో మనం ఏమి బోధించాము? పరీక్షలకు ముందు హాల్ టికెట్లమీద చేతులుంచి ప్రార్థించే సంప్రదాయం మనకుంది. ఫలితాల తరువాత తప్పినవారిని వెదకి వెళ్ళే సంప్రదాయం ఎన్ని సంఘాలలో ఉంది? మొదటి ర్యాంకు వచ్చినవారిని వేదికపైకి పిలిచి శాలువా కప్పుతున్నంతకాలం తప్పినవాడు సంఘానికి రాడు. ఇది మనోవిజ్ఞానం కంటె ముందుగా సువార్తకు సంబంధించిన సంగతి. అర్హత లేనివానిని చేర్చుకొనే కృపను ప్రకటిస్తూనే మార్కులనుబట్టి మనుష్యులను ఎంచుతున్నాము.

5. చట్టం తెలియని పరిచర్య

ఒక సంఘటనను ఇక్కడ చెప్పక తప్పదు. క్షేత్ర పరిచర్యకు ఒక వసతి గృహానికి వెళ్ళిన మా విద్యార్థి ఒకరికి అక్కడి బిడ్డ తనకు జరిగిన హానిని చెప్పుకుంది. ఆ విద్యార్థి శిశు మనోవిజ్ఞానంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. అయినా ఏమి చేయాలో తెలియక పెద్దలను అడిగాడు. ప్రార్థించమని, సంస్థకు చెడ్డపేరు రాకుండా మౌనంగా ఉండమని సలహా వచ్చింది. ఆ సలహా ఇచ్చినవారిలో చదువు లేనివారెవరూ లేరు. ఆలస్యంగానైనా సంగతి సరైన చోటికి చేరింది గాని, ఆ ఆలస్యపు దినాలు ఆ బిడ్డ గడిపినవి. వాటికి మేమూ జవాబుదారులమే, ఎందుకంటే ఆ విద్యార్థికి బోధించినవారము మేము.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లైంగిక నేరాల నుండి బాలల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారందరినీ బాలలుగా ఎంచుతుంది. నేరం జరిగినదని ఎరిగిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షను ఆజ్ఞాపిస్తుంది. తెలియజేయకపోవడం 21వ సెక్షను క్రింద శిక్షార్హం. సంస్థకు బాధ్యుడైన వ్యక్తి తన క్రింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. కాపరికి, ప్రిన్సిపాలుకు, వార్డెనుకు ఇందులో మినహాయింపు లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బాలలను ఉంచే ప్రతి సంస్థ నమోదు కావాలి. ఆపదలో ఉన్న బిడ్డకొరకు 1098 నంబరు ఉంది.

మరొక చిక్కు వయస్సు విషయంలో ఉంది. 2014 జాతీయ యువజన విధానం 15 నుండి 29 ఏళ్ళవారిని యువజనులుగా లెక్కించింది. చట్టం 18 ఏళ్ళలోపు వారిని బాలలంటుంది. మన యువజన కూడికలలో పదహారేళ్ళవారు, ఇరవై ఎనిమిదేళ్ళవారు కలిసే కూర్చుంటారు, కలిసే శిబిరాలకు వెళ్తారు. పదహారేళ్ళ అమ్మాయి సంఘ రిజిస్టరులో యువతి, చట్టం దృష్టిలో బిడ్డ. శిబిరంలో ఆమె బాధ్యత ఎవరిదో యువజన నాయకునికి తెలిసి ఉండాలి.

క్షమాపణ బోధించే మనకు చట్టం కఠినంగా తోచవచ్చు. కాని హాని పొందిన బిడ్డ తరఫున, ఆ బిడ్డను అడగకుండా, క్షమాపణ పంచిపెట్టే హక్కు సంఘానికి లేదు. ఏలీ విన్నది తన ఇంటిమీద తీర్పు. మన సంస్థలమీద తీర్పు వంటి మాట బిడ్డ నోట వచ్చినప్పుడు దానిని దాచవద్దనగల ధైర్యమే ఈ విద్యకు అసలు పరీక్ష.

6. పట్టా ఎవరికి? ఎందుకు?

ఇంగ్లండు అనుభవం ఇక్కడ పాఠం చెప్పగలదు. 2010 నుండి అక్కడ వృత్తిపరమైన యువజన సేవకుని గుర్తింపుకు ఆనర్స్ పట్టా కనీస అర్హత అయింది. అర్ధ శతాబ్దపు కృషి ఫలించిందనుకున్న ఆ కాలంలోనే ప్రభుత్వ పొదుపు చర్యలవలన యువజన సేవలకు నిధులు బాగా తగ్గిపోయాయి. అర్హత పెరిగింది, పని చేసే చోట్లు తగ్గాయి. పట్టా ఒక్కటే వృత్తిని నిలబెట్టదని దీనివలన తెలుస్తుంది.

మనకు దగ్గరలో మరొక పాఠం ఉంది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషను, శాంతా సిన్హా నాయకత్వాన, బడికి వెళ్ళని ప్రతి బిడ్డనూ బాల కార్మికునిగానే ఎంచి పనినుండి విడిపించి బడిలో చేర్చింది. ఆ పనికి పునాది గ్రామాలలోని యువతీయువకులు. వారిలో చాలామంది తమ ఇంట మొదటిసారి చదువుకున్నవారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. తరువాత ఆమె జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషనుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఇక్కడ పట్టా లేనివారు పని చేశారు, పట్టా ఉన్నవారు వారి వెంట నడిచారు.

మన సంఘాలలో ఇది తలక్రిందులుగా ఉంది. ఇరవై ఏళ్ళుగా సండే స్కూలు నడిపిన సహోదరికి జీతం లేదు, కమిటీలో చోటు లేదు. బాలల పరిచర్యలో పట్టా పొందిన యువకుడు రెండేళ్ళలో ‘పెద్ద సంఘానికి’ కాపరిగా బదిలీ కావాలని కోరుకుంటాడు. అతనిని నిందించడం సులభం. కాని బిడ్డల మధ్య పని చేసేవానికి తక్కువ జీతం, తక్కువ గౌరవం ఇచ్చే వ్యవస్థలో ఆ కోరిక సహజం.

విదేశీ సహాయంపై ఆధారపడిన పరిచర్యకు మరొక బలహీనత ఉంది. అనేక సంఘాల ద్వారా పిల్లలకు చేయూతనిచ్చిన కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో భారతదేశంలో తన పనిని ముగించవలసి వచ్చింది. అటువంటి సందర్భంలో నిధులతో పాటు పిల్లలు కూడా సంఘం లెక్కలోనుండి జారిపోతే, ఆ పరిచర్య సంఘానిది కాదు, పథకానిది అని అర్థం.

7. కొన్ని సూచనలు

మొదటిది, బాలల రక్షణ చట్టాలు ఐచ్ఛిక పత్రంగా కాక బి.టి.హెచ్., బి.డి. విద్యార్థులందరికీ తప్పనిసరిగా ఉండాలి. ప్రతి సెమినరీ, ప్రతి సంఘం వ్రాతపూర్వకమైన బాలల రక్షణ నియమావళి కలిగి, దానిని తెలుగులో గోడకు అంటించాలి.

రెండవది, పిల్లల మాట వినే పద్ధతిని పరిశోధనలో భాగంగా నేర్పాలి. బిడ్డ స్వరం లేని వ్యాసాన్ని బాలల పరిచర్య వ్యాసంగా అంగీకరించకూడదు.

మూడవది, అనుభవంగల సండే స్కూలు ఉపాధ్యాయినులకు పట్టా లేకపోయినా క్షేత్ర పర్యవేక్షకులుగా స్థానమివ్వాలి. విద్యార్థి ఆరు నెలలు ఒక సహోదరి క్రింద చాపమీద కూర్చుని నేర్చుకుంటే, అది అతని పట్టాలో లెక్కకు రావాలి.

నాల్గవది, కులం, కూలి, బాల్య వివాహం, ఇంటర్ చదువు, వలస - ఇవి ఉదాహరణలుగా కాక అధ్యాయాలుగా పాఠ్యక్రమంలోకి రావాలి. ఈ విషయాలపై తెలుగులో పాఠ్యగ్రంథాలు వ్రాయవలసిన బాధ్యత బోధకులది. మేము కూడా ఇందులో వెనుకబడ్డాము.

ఐదవది, బాలల, యువజనుల పరిచర్యకు సంఘం తన కానుకల నుండే జీతమివ్వాలి. అది చిన్నదైనా, సంఘం తనదిగా ఎంచే పనికి సంఘమే మూల్యం చెల్లించడం న్యాయం.

ముగింపు

ఈ పట్టాలో చేరాలా అని మమ్మును అడిగే విద్యార్థులకు చేరమనే చెబుతున్నాము. అయితే చేరే ముందు ఒక సంవత్సరం ఏదైనా ఒక పేటలో పది మంది పిల్లల పేర్లు, వారి తల్లిదండ్రుల పని, వారు మానివేసిన తరగతి తెలుసుకొని రమ్మంటాము. ఆ పది పేర్లను ప్రతి సిద్ధాంతం ప్రక్కన పెట్టి చదివితే ఏది నిలుస్తుందో, ఏది నిలువదో వారికే తెలుస్తుంది. చదువు ముగిసిన తరువాత ఆ పది మందిలో ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పగలిగితే, ఆ పట్టా విలువ తెలుసుకోవడానికి వేరే పరీక్ష అక్కరలేదు.